గేర్ బాక్సు విప్పే ముందు

(విజయవాడలో కారు యజమానులు, ఐటీఐ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. ఐటీఐ నుంచి వచ్చిన విద్యార్థులకు, తమ బండి సంగతి తామే తెలుసుకోవాలని సెలవురోజున కూడా ఇక్కడికి వచ్చిన కారు యజమానులకు నా కృతజ్ఞతలు.

ఈ బల్ల మీద రెండు ఇత్తడి రింగులు పెట్టాను. రెండూ ఒకే మోడల్ కారువి, రెండో గేరుకు సంబంధించినవి. దూరం నుంచి చూస్తే తేడా ఏమీ కనిపించదు. దగ్గరకు వచ్చి లోపలి వైపు గోటితో గీరి చూస్తే తెలుస్తుంది. కొత్త రింగు లోపల మర చుట్ల లాంటి సన్నని గీతలు ఉంటాయి, వాటి మీద గోరు కరకరమంటూ ఆగి ఆగి కదులుతుంది. పాత రింగు మీద మాత్రం గాజు గ్లాసు మీద జారినట్టు జారిపోతుంది. ఆ గీతలు అరిగిపోయినందుకే ఒక కారు గేర్ బాక్సును కిందికి దించి పూర్తిగా విప్పవలసి వచ్చింది. రెండో గేరు వేసేటప్పుడు కర్రుమని శబ్దం వస్తున్నదని ఆ యజమాని బండి తెచ్చాడు. రింగు మార్చాం, శబ్దం పోయింది. అయితే ఆ రింగును అరగదీసిన లోపం గేర్ బాక్సులో లేదు. క్లచ్ పెడల్ నుంచి వెళ్లే కేబుల్‌లో సగానికి పైగా పోగులు తెగిపోయి, పెడల్‌ను అడుగంటా తొక్కినా, ఇంజన్‌ను గేర్ బాక్సు నుంచి విడదీయవలసిన క్లచ్ పూర్తిగా విడవడం లేదు. అలా నడిచినన్ని నెలలూ, ప్రతి గేరు మార్పులోనూ, ఆ చిన్న రింగు ఇంజన్ లాగుడుతో పెనుగులాడుతూ వచ్చింది. కేబుల్‌ను సకాలంలో మార్చి ఉంటే గేర్ బాక్సు జోలికి వెళ్లే అవసరమే ఉండేది కాదు.

ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే. మా షెడ్డులో విప్పిన గేర్ బాక్సుల్లో ఎక్కువ వాటికి జబ్బు బయటే మొదలైంది. క్లచ్ దగ్గర, ఆయిల్ దగ్గర, ఒక రబ్బరు సీలు దగ్గర, నడిపేవారి చేతి అలవాటు దగ్గర మొదలై, పట్టించుకునేవారు లేక లోపలికి చేరింది. అందుకే ఈ రోజు విప్పడం గురించి కొంచెమే చెప్పి, విప్పనవసరం లేకుండా చూసుకోవడం గురించి ఎక్కువ చెబుతాను.

ముందుగా ఈ రింగు చేసే పని అర్థం కావాలి. గేర్ బాక్సు ఎందుకు ఉందో మీకు తెలుసు: చిన్న కారు మొదటి గేరులో ఇంజన్ సుమారు మూడున్నర చుట్లు తిరిగితే గేర్ బాక్సు నుంచి బయటికి వచ్చేది ఒక చుట్టు, దానివల్లనే కదలని బండిని కదిలించే బలం వస్తుంది. ఇప్పటి మాన్యువల్ గేర్ బాక్సుల్లో ముందుకు వెళ్లే గేర్ల పళ్లు ఎప్పుడూ ఒకదానితో ఒకటి పట్టుకునే తిరుగుతుంటాయి. మనం గేరు రాడ్డును కదిపినప్పుడు నిజానికి కదిలేది స్లీవ్ అనే కడియం లాంటి భాగం, అది షాఫ్టుతో పాటు తిరుగుతూ, మనం కోరిన గేరును షాఫ్టుకు బంధిస్తుంది. బంధించబోయే ముందు రెండింటి వేగం ఒకటి కావాలి. కదిలే సిటీ బస్సు ఎక్కేవాడు బస్సుతో సమానంగా పది అడుగులు పరుగెత్తి అప్పుడు కడ్డీ పట్టుకుంటాడు కదా, నిలబడ్డ చోటు నుంచే చెయ్యి వేస్తే ఈడ్చి పడేస్తుంది. ఆ పరుగు పని ఈ ఇత్తడి రింగుది. గేరు పక్కన ఉన్న కోన్ అనే ఏటవాలు అంచు మీద ఇది ఒరుసుకుని, రెండింటి వేగాలనూ కలిపి, ఆ తరువాతే స్లీవ్‌కు దారి ఇస్తుంది. లోపలి సన్నని గీతలు కోన్ మీది ఆయిల్ పొరను చీల్చడానికే ఉన్నాయి. గీతలు పోతే పొర చీలదు, పొర చీలకపోతే ఒరిపిడి పుట్టదు, వేగాలు కలవకముందే పళ్లు పళ్లు తగులుతాయి. మీరు వినే కర్రుమనే శబ్దం అదే.

ఈ సౌకర్యం మొదటి నుంచీ ఉన్నది కాదు. అమెరికాలో కాడిలాక్ కంపెనీ 1928లో సింక్రోమెష్ పేరుతో దీన్ని తెచ్చింది. దానికి ముందు నడిపినవారంతా క్లచ్‌ను రెండుసార్లు తొక్కి, మధ్యలో న్యూట్రల్‌లో ఇంజన్ వేగాన్ని సరిచూసి గేరు మార్చేవారు. మన లారీ డ్రైవర్లలో పెద్దవారికి ఈ డబుల్ క్లచ్ విద్య బాగా తెలుసు. తొలితరం అంబాసిడర్ కార్లలో కూడా మొదటి గేరుకు సింక్రో లేదు, బండి పూర్తిగా ఆగితే తప్ప మొదటి గేరు వేసేవారు కాదు. ఇప్పటికీ చాలా కార్లలో రివర్స్ గేరుకు సింక్రో ఉండదు. అందుకే ముందుకు వస్తున్న బండి పూర్తిగా ఆగకుండా రివర్స్ వేస్తే అరుస్తుంది. క్లచ్ తొక్కి మూడు నాలుగు సెకన్లు ఆగి వేయండి, లోపలి షాఫ్టు నిలబడే వ్యవధి దానికి దొరుకుతుంది.

ఇప్పుడు క్లచ్ సంగతి. గేర్లు బిగుసుగా పడుతున్నాయని మీకు అనిపిస్తే, మెకానిక్ దగ్గరకు వెళ్లే ముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేయవచ్చు. ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి, అన్ని గేర్లూ వేసి చూడండి. తరువాత ఇంజన్ నడుస్తుండగా, బండి నిలబడి ఉండగానే, క్లచ్ పూర్తిగా తొక్కి మళ్లీ అన్నీ వేయండి. ఇంజన్ ఆపినప్పుడు హాయిగా పడి, నడుస్తున్నప్పుడు పెనుగులాడితే లోపం దాదాపుగా క్లచ్ విడవకపోవడంలోనే ఉంటుంది. కేబుల్ బండి అయితే కేబుల్ సాగడమో, తెగడమో, సర్దుబాటు తప్పడమో కారణం. హైడ్రాలిక్ అయితే సిలిండర్ సీలు లీకు కావడమో, గొట్టంలో గాలి చేరడమో కారణం. రెండు సందర్భాల్లోనూ ఒకే రకంగా బిగుసుగా ఉంటే అప్పుడు గేరు కేబుళ్లను, లింకేజీని, ఆ తరువాత మాత్రమే గేర్ బాక్సును అనుమానించాలి. ఇంత చిన్న పరీక్ష చేయకుండా గేర్ బాక్సు దించడం మొదలుపెట్టిన సందర్భాలను నేను చాలా చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను, ఎందుకంటే ఆ పనికి కూలి ఇచ్చేది యజమాని.

క్లచ్ జారుతున్నదని అనుమానం వస్తే గుర్తు వేరు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ మోత పెరుగుతుంది కానీ బండి వేగం పెరగదు. చదునైన ఖాళీ చోట హ్యాండ్ బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ నెమ్మదిగా వదలండి. ఆరోగ్యంగా ఉన్న క్లచ్ అయితే ఇంజన్ వెంటనే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు అరిగినట్టు, లేదా ప్లేటు మీద ఆయిల్ పడినట్టు. ఈ పరీక్ష ఒక్కసారి చేస్తే చాలు, పదే పదే చేస్తే ప్లేటు కాలిపోతుంది. క్లచ్ మార్చవలసి వచ్చినప్పుడు క్లచ్ ప్లేటు, దాన్ని నొక్కి పట్టే ప్రెషర్ ప్లేటు, పెడల్ తొక్కినప్పుడు ఆ పట్టు విడిపించే రిలీజ్ బేరింగు మూడూ కలిపి మార్చమని నేను గట్టిగా చెబుతాను. గేర్ బాక్సు దించడానికి అయ్యే కూలే పెద్దది, పాత బేరింగు వేసి ఎక్కిస్తే ఆరునెలలకు అదే కూలి మళ్లీ ఇవ్వవలసి రావచ్చు. దించినప్పుడే, క్లచ్ నుంచి గేర్ బాక్సులోకి వెళ్లే ఇన్‌పుట్ షాఫ్టు సీలు, ఇంజన్ వెనక సీలు చూసుకోవాలి. విద్యార్థులు ఒక మాట గుర్తుంచుకోండి: ఎక్కించేటప్పుడు గేర్ బాక్సు బరువు క్షణం కూడా ఇన్‌పుట్ షాఫ్టు మీద వేలాడకూడదు. జాకీ మీద నిలిపి, సరళరేఖలో తోయాలి. వేలాడితే కొత్త క్లచ్ ప్లేటు మధ్యభాగం వంగిపోతుంది, ఆ వంకర కంటికి కనిపించదు కానీ బండి కదిలేటప్పుడల్లా వణుకుతుంది.

ఆయిల్ విషయానికి వస్తే నేను కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను. ఇంజన్ ఆయిల్ గురించి అందరూ అడుగుతారు, గేర్ ఆయిల్ గురించి అడిగేవారు అరుదు. చిన్న ఫ్రంట్ వీల్ డ్రైవ్ కారు గేర్ బాక్సులో పట్టేది సుమారు రెండు లీటర్లు. ఆ రెండు లీటర్లు ఒకదానికొకటి పొసగని రెండు పనులు చేయాలి. పళ్ల మధ్య విపరీతమైన ఒత్తిడిలో కూడా పొరగా నిలిచి లోహాన్ని కాపాడాలి. రింగు దగ్గర మాత్రం పక్కకు తప్పుకుని ఒరిపిడికి చోటివ్వాలి. అందుకే ఏ ఆయిల్ పోయాలన్నది అభిరుచికి వదిలే విషయం కాదు. డబ్బా మీద జీఎల్-4, జీఎల్-5 అని రాసి ఉంటుంది. అంకె పెద్దది కాబట్టి అయిదు నాలుగు కంటే మంచిదని కొన్ని దుకాణాల్లో చెబుతారు. జీఎల్-5లో గంధకం, భాస్వరం కలిసిన ఒత్తిడి మందులు ఎక్కువ పాళ్లలో ఉంటాయి, అవి వెనక ఇరుసులోని క్రౌన్, పినియన్ అనే గేర్ల లాంటి చోట్ల అవసరం. జీఎల్-4 అడిగిన గేర్ బాక్సులో దాన్ని పోస్తే ఆ మందులు వేడిలో ఇత్తడిని తినే ప్రమాదం ఉంది, పైగా రింగు పట్టు సడలి గేర్లు అరవడం మొదలవుతుంది. 75డబ్ల్యూ-80, 75డబ్ల్యూ-90 అనే చిక్కదనపు అంకెలూ అంతే. కారుతో వచ్చిన పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. ఆయిల్ మార్చే గడువు కూడా అందులోనే ఉంటుంది. నగరంలో రోజంతా ఆగుతూ కదులుతూ తిరిగే బండి అయితే పుస్తకంలో కఠినమైన వాడకం అనే శీర్షిక కింద ఇచ్చిన గడువునే పాటించమంటాను, విజయవాడ ఎండకు, బెంజి సర్కిల్ దగ్గరి రద్దీకి అదే సరైన శీర్షిక.

ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ ముట్టుకునే ముందు, పైన ఆయిల్ పోసే ప్లగ్ వదులవుతున్నదో లేదో చూడాలి. నేను పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఈ వరస తప్పాను. కింది ప్లగ్ తీసి ఆయిల్ అంతా దించేశాను, పై ప్లగ్ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఎంతకీ రాలేదు, బండి అక్కడి నుంచి కదలడానికి లేదు. మా మేస్త్రి ఆ సాయంత్రం దాకా దాన్ని వేడి చేసి, ఓర్పుగా కొట్టి తీశారు. ఒక్క మాట అనలేదు, కానీ మరునాటి నుంచి ప్రతి బండికీ పై ప్లగ్ ముందు నా చేతే విప్పించారు. బండి చదునుగా నిలిపి, కొంత దూరం నడిపి వేడెక్కిన తరువాత ఆయిల్ దించాలి, కొత్త ఆయిల్ పై ప్లగ్ రంధ్రం కింది అంచుకు తాకే దాకా పోయాలి. పుస్తకం వేరే కొలత చెబితే ఆ కొలత ప్రకారం పోయాలి.

దించిన ఆయిల్‌ను పారబోసే ముందు దాన్ని చదవాలి. డ్రెయిన్ ప్లగ్ కొసకు అయస్కాంతం ఉంటే దాని మీద బూడిద రంగులో కాటుకలాంటి మెత్తని పూత ఉంటుంది, అది సహజమైన అరుగుదల, తుడిచేయండి. వేలికి గుచ్చుకునే ముక్కలు కనిపిస్తే పన్నో, బేరింగో విరుగుతున్నట్టు. పళ్లెంలోని ఆయిల్‌ను ఎండలో వంచి చూసినప్పుడు బంగారు రజనులాంటి మెరుపు ఉంటే ఇత్తడి రింగులు అరుగుతున్నాయి. ఆ రజను అయస్కాంతానికి అంటదు, కాబట్టి ప్లగ్ శుభ్రంగా ఉంది కదా అని ఊరుకోకూడదు. రెండు వేళ్ల మధ్య ఆయిల్ వేసి రుద్దండి, వాసన చూడండి. గంధకపు వాసన సహజం, మాడు వాసన కాదు.

రంగు మజ్జిగ కలిపినట్టు ఉంటే అందులో నీళ్లున్నాయి. ఈ ఊళ్లో ఈ మాట వివరంగా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నప్పుడు, కార్లు కూడా వాటితోపాటే మునిగాయి. నీరు తీసిన తరువాత అందరూ సీట్లు ఎండబెట్టారు, ఇంజన్ ఆయిల్ మార్పించారు, వైరింగ్ చూపించుకున్నారు. గేర్ బాక్సును చాలామంది మరిచిపోయారు. గేర్ బాక్సు మీద బ్రీదర్ అనే చిన్న టోపీ ఉంటుంది, వేడికి లోపలి గాలి వ్యాకోచించినప్పుడు అది బయటికి పోవడానికి. వేడిగా ఉన్న గేర్ బాక్సు చన్నీళ్లలో దిగితే లోపలి గాలి ముడుచుకుని అదే దారిన నీటిని పీల్చుకుంటుంది. రోజుల తరబడి మునిగి ఉన్నప్పుడు సీళ్ల అంచుల నుంచి కూడా చేరవచ్చు. ఆ తరువాత కొన్ని నెలలకు బేరింగు మోతతో వచ్చిన బండ్లను మేము విప్పినప్పుడు, బేరింగు దారుల మీద మశూచి మచ్చల లాంటి తుప్పు గుంటలు కనిపించాయి. గుంటపడిన బేరింగుకు మార్చడం తప్ప మందు లేదు. కాబట్టి బండి ఇరుసు మునిగేంత నీటిలో నిలబడితే, నడపకుండా ముందు గేర్ ఆయిల్ దించి చూడండి. మజ్జిగ రంగు ఉంటే కొత్త ఆయిల్ పోసి, కొద్ది దూరం నెమ్మదిగా నడిపి, మళ్లీ దించండి. రంగు తేటపడే దాకా ఇలా చేయాలి. రెండు మూడుసార్లు మార్చిన ఆయిల్ ఖర్చు, విప్పే ఖర్చు ముందు చాలా చిన్నది. వరద లేని రోజుల్లో కూడా ఆ బ్రీదర్‌కు మట్టి పట్టి మూసుకుపోకుండా చూసుకోవాలి, మూసుకుపోతే లోపలి ఒత్తిడి సీళ్ల మీద పడి ఆయిల్ కారుతుంది.

శబ్దాల గురించి. బండి నిలబడి, న్యూట్రల్‌లో, క్లచ్ మీద కాలు లేనప్పుడు గుర్రుమని వినిపించి, క్లచ్ తొక్కగానే ఆగిపోతే అది ఇన్‌పుట్ షాఫ్టు వైపు బేరింగు. క్లచ్ తొక్కినప్పుడు మాత్రమే కీచుమంటే రిలీజ్ బేరింగు. ఒకే ఒక గేరులో మోత వస్తే ఆ గేరు పళ్లను చూడాలి. అన్ని గేర్లలోనూ, వేగంతో పాటు మోత పెరుగుతుంటే గేర్ బాక్సు బేరింగులతో పాటు చక్రాల బేరింగులను కూడా పరీక్షించాలి, రెండూ చెవికి ఒకేలా వినిపిస్తాయి. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలితే టక్‌టక్‌మనడం గేర్ బాక్సు జబ్బు కానే కాదు, అది గేర్ బాక్సు నుంచి చక్రానికి వెళ్లే డ్రైవ్ షాఫ్టు చివరి జాయింటు. దాని రబ్బరు బూటు చిరిగి, గ్రీజు బయటికి చిమ్మి, దుమ్ము లోపలికి పోవడం వల్ల వస్తుంది. చక్రం లోపలి వైపు నల్లగా గ్రీజు చిమ్మి కనిపించిన రోజే బూటు మారిస్తే జాయింటు దక్కుతుంది. గేరు దానంతట అదే న్యూట్రల్‌కు జారిపోతే లోపల స్ప్రింగు, స్లీవ్‌ను కదిపే ఫోర్కు, స్లీవ్ పళ్లు అనుమానించదగినవే, కానీ వాటికంటే ముందు ఇంజన్ మౌంటింగు రబ్బర్లు చూడండి. అవి చితికితే ఇంజన్ ఊగి గేరును లాగేస్తుంది.

నడిపేవారి చేతికి, కాలికి సంబంధించిన అలవాట్లు రెండు మూడు చెబుతాను. క్లచ్ పెడల్ మీద పాదం ఆనించి నడపడం వల్ల రిలీజ్ బేరింగు, ప్లేటు రెండూ అరుగుతాయి. గేరు రాడ్డు మీద చెయ్యి ఆనించి నడిపితే ఆ బరువు లోపలి ఫోర్కు మీద, తిరుగుతున్న స్లీవ్ మీద పడుతుంది. ఘాట్ దిగేటప్పుడు ఇంధనం కలిసివస్తుందని న్యూట్రల్‌లో వదిలేవారిని తిరుమల దారిలోనూ, శ్రీశైలం దారిలోనూ ఇప్పటికీ చూస్తున్నాను. ఇది ప్రాణాంతకం. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు ఇంధనాన్ని పూర్తిగా కట్ చేస్తాయి. న్యూట్రల్‌లో ఇంజన్ తిరగడానికి ఇంధనం కావాలి. కలిసివచ్చేది ఏమీ లేదు, ఇంజన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది.

ఆటోమేటిక్ బండ్ల గురించి చెప్పమని ముందే చాలామంది చీటీలు పంపారు. మన దేశంలో 2014లో మారుతి సెలెరియోతో సామాన్యులకు అందుబాటులోకి వచ్చిన ఏఎంటీ, లోపల అచ్చంగా మాన్యువల్ గేర్ బాక్సే. క్లచ్ తొక్కే కాలు, గేరు మార్చే చెయ్యి స్థానంలో యంత్రం ఉంది, అంతే. కనుక ఇప్పటిదాకా చెప్పిన ఆయిల్, రింగు, క్లచ్ సంగతులన్నీ దానికీ వర్తిస్తాయి. ఎత్తు మీద సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే లోపల క్లచ్ సగం పట్టి కాలుతూ ఉంటుంది. పొడి రకం డ్యూయల్ క్లచ్ బండ్లకూ ఇదే హెచ్చరిక. సీవీటీలో పళ్ల గేర్లకు బదులు రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తుంది, అది జారకుండా పట్టు నిలపడం దాని ఫ్లూయిడ్ పని. అందులో మామూలు ఆటోమేటిక్ గేర్ బాక్సుల ఫ్లూయిడ్ (ఏటీఎఫ్) పోస్తే బెల్టూ పుల్లీలూ గీసుకుపోతాయి. కొన్ని బండ్లకు ఫ్లూయిడ్ జీవితాంతం మార్చనక్కరలేదని చెబుతారు. నేను ఒప్పుకోను. రంగు నల్లబడి మాడు వాసన వచ్చిన ఫ్లూయిడ్‌ను నా చేతులతో దించాను. కంపెనీ చెప్పిన రకం, చెప్పిన ఉష్ణోగ్రత దగ్గర, చెప్పిన మట్టం దాకా పోయడం తప్పనిసరి. ఆటోమేటిక్ బండి దారిలో ఆగిపోతే, ఇంజన్ నడిపే చక్రాలు నేల మీద దొర్లేలా లాగించకండి. లోపలి పంపును నడిపేది ఇంజన్, అది ఆగిపోయినప్పుడు తిరిగే భాగాలకు ఆయిల్ అందదు. చక్రాలన్నీ పైకెత్తే బండి మీదే తీసుకువెళ్లాలి.

ఇన్ని చూసుకున్న తరువాత కూడా విప్పక తప్పని రోజు వస్తుంది. అప్పుడు విద్యార్థులు చేయవలసింది తొందర మానడం. తీసిన ప్రతి భాగాన్నీ తీసిన వరసలో, తీసిన దిశలోనే శుభ్రమైన గుడ్డ మీద పరచండి. రింగును దాని కోన్ మీద వేలితో నొక్కి పట్టి, రింగుకూ గేరుకూ మధ్య సందును, పల్చని రేకులతో సందులు కొలిచే ఫీలర్ గేజితో చుట్టూ మూడు చోట్ల కొలవండి. చాలా చిన్న కార్లలో కొత్తగా ఉన్నప్పుడు అది సుమారు 1 మిల్లీమీటరు, 0.5 దగ్గరకు వస్తే మార్చాలి, మీ చేతిలోని బండికి సరైన అంకె సర్వీసు పుస్తకంలో చూడండి. రింగుతో పాటు దాని ఎదుటి కోన్, స్లీవ్ పళ్ల మొనలు చూడకుండా కొత్త రింగు వేస్తే అది త్వరలోనే అరుగుతుంది. బేరింగును షాఫ్టు మీదికి ఎక్కించేటప్పుడు లోపలి రేసు, అంటే లోపలి కడియం మీదే ఒత్తిడి పడాలి, బయటి రేసు మీద కొడితే లోపలి గోళీలు గుంటలు చేస్తాయి. పాకింగు పేస్టు పల్చగా రాయండి, ఎక్కువైన పేస్టు లోపలికి పొంగి, ఎండి, ఊడి, ఆయిల్ దారులకు అడ్డం పడుతుంది. మూత బిగించాక, బండికి ఎక్కించక ముందే, షాఫ్టును చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ, రివర్స్‌తో సహా, వేసి చూడండి. పట్టేసిన చోటు అక్కడే దొరికితే గంట పని, ఎక్కించాక దొరికితే మళ్లీ ఒక రోజు పని.

బల్ల మీద రింగులతో పాటు మూడు గ్లాసుల్లో ఆయిల్ ఉంచాను. ఒకటి కొత్తది, ఒకటి ఇత్తడి రజను పడినది, మూడోది నీళ్లు కలిసినది. ప్రశ్నలు మొదలుపెట్టే ముందు వరసగా వచ్చి మూడింటినీ వేళ్లతో ముట్టుకుని చూడండి. తుడుచుకోవడానికి బల్ల కింద గుడ్డలున్నాయి.